నాగమ్మ చీర అంచు

పోయిన వారం మనం హేమలతను ఎమ్మిగనూరులో, శారదమ్మవ్వ ఇంటి నడవలో, పిలుపుకు తెచ్చిన పెళ్ళి కార్డు చేతిలో పట్టుకుని, నోరు తెరుచుకుని నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. పాపం ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. ఎదురుగోడ మీద ఆమె కళ్ళు మూసుకున్నా కనబడే బొమ్మ ఒకటి వేలాడుతోంది. మగ్గం ముందు కూర్చున్న నడివయసు ఆడమనిషి, ఎడమ భుజం మీద చీర, ఏదో అనబోయి మనల్ని చూసి ఆగిపోయినట్టున్న పెదవులు.

ఈ వారమే కొత్తగా మనతో కలిసినవాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. హేమలతది మగ్గం నేసే ఇల్లు. చీర అంచులకు గ్రాఫ్ కాగితం మీద డిజైన్లు వేస్తూ వేస్తూ, మనుషుల ముఖాలు గీయాలన్న పిచ్చి పట్టింది. అందుకని పదకొండు నెలలు వారానికి మూడు రోజులు బస్సెక్కి ఆదోనికి పోయింది, ఉచ్చీరప్ప సార్ దగ్గరికి. ఆయన ఒకప్పుడు సినిమా బ్యానర్లు రాసినవాడు, ఇప్పుడు చనిపోయినవాళ్ళ ఫోటోలు చూసి ఆయిల్ రంగుల్లో పటాలు గీసి ఇస్తాడు. సార్ ఆమె ముందు ఈ బొమ్మే పెట్టాడు. 'మా గురువు బసవరాజు మాస్టర్ గీసింది. పోతా పోతా నాకిచ్చినాడు. దీన్ని ఉన్నదున్నట్టు దించు, ముఖం గీయడం దానంతట అదే వస్తాది' అన్నాడు. దించింది. తీరా పూర్తయి ఆరాక ఒకరోజు సార్ తల పట్టుకుని కూర్చున్నాడు. మిద్దె కారిందట, వానకు ఆమె బొమ్మ ఉబ్బి పాడైపోయిందట, పారేశాడట. హేమలత రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు సార్ ఇచ్చిన వేరే ముఖం కోసం మళ్ళీ కొత్త గుడ్డకు కొలత గళ్ళు గీసుకుని కూర్చుంది.

అంత పిచ్చి పిల్ల!

ఇప్పుడు శారదమ్మవ్వ గోడ మీద ఆ బొమ్మను చూసి ఆమె అనుకున్నది ఒకటే. సార్ తన గురువు బొమ్మను వీళ్ళకు ఇచ్చేశాడు కాబోలు. ఎందుకిచ్చాడు? తనతో ఒక్క మాటైనా చెప్పలేదే అని కాస్త చిన్నబుచ్చుకుంది కూడా.

"ఏం పాపా, అట్ల సూస్తాండావు? మా అమ్మ అది. నాగమ్మ," అంది శారదమ్మవ్వ, కార్డు అందుకుని కళ్ళకద్దుకుంటూ.

"ఈ బొమ్మ... మీ ఇంటిదా అవ్వా?"

"మా ఇంటిది గాకుంటే ఇంగెవరింటిది? బసవరాజు అయ్యోరని, అప్పుడు ఈడ బడిలో డ్రాయింగ్ మాస్టరుగా ఉండె. మా అమ్మ మగ్గం కాడ కూసుంటే మూడు దినాలు ఎదురుగా కూసోని గీసినాడు. గీసి మా అమ్మ చేతికే ఇచ్చినాడు. నాకప్పుడు పదేండ్లు. అప్పటి సంది ఆ గోడకే ఉండాది."

హేమలతకు ఏదో తేడాగా అనిపించింది. మా గురువు నాకిచ్చాడన్నాడే సార్? కానీ పెద్దాయన, ఏదో మాట వరసకు అని ఉంటాడని సర్దుకుంది. నమ్మడం అలవాటైనవాళ్ళకు అనుమానించడం చేతకాదు కదా.

"నడుమ ఒక్క ఏడాది మాత్రం ల్యాకపాయ," అవ్వ చెప్పుకుపోతోంది. "ఆదోని నుంచి ఉచ్చీరప్ప సారని ఒకాయన వచ్చినాడు. 'మా గురువు బొమ్మలు యాడుంటే ఆడికి పోయి సాఫ్ చేసిస్తాండా, మీరొక్క రూపాయి ఇయ్యాల్సిన పన్లే' అన్యాడు. తీసకపోయి ఏడాది పెట్టుకున్యాడు. ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే మాట, ఆరలేదవ్వా, ఇంగా ఆరలేదవ్వా అని. మా మిరపకాయలు గుడక రెండు దినాల్లో ఆరతాయి కదప్పా అంటి నేను. పోయిన నెల తెచ్చి ఆయనే మేకు కొట్టి తగిలించి పాయ. పుణ్యాత్ముడు. మసి పట్టి నల్లగుండిన ముఖం సూడు, ఇప్పుడే తలంటుకున్నట్టుండాది."

"బాగుంది అవ్వా."

"అయితే ఒకటి పాపా." శారదమ్మవ్వ గొంతు తగ్గించింది, గోడ మీద తల్లి వింటుందేమో అన్నట్టు. "ఆయన అంచు గుడక సరిచేసినాడు."

"అంచా?"

"చీర అంచు. దానికో కథుండాది. అయ్యోరు ముఖమూ చేతులూ మా అమ్మను సూసి గీసినాడు గానీ, చీర మాత్రం రూముకు పోయి మతికి తెచ్చుకోని గీసినాడు. కోటకొమ్మలు తిరగేసి పెట్టినాడు! మొనలు లోపలికి సూడాల్సింది, బయటికి సూస్తాండాయి. మా అమ్మ సూసి ఒకటే నవ్వు. 'అయ్యోరా, ఇట్లాంటి చీర నేను నేసుకపోతే షావుకారు నా మొకాన కొడతాడు' అన్యాది. ఆయన తప్పైందమ్మా, సరిచేస్తా అంటే, వద్దులే, నీ తప్పు నా భుజం మీద ఉండనీ అన్యాది. మా ఇంట్లో దానికి 'అయ్యోరి తప్పు' అనే పేరు. నా పిల్లోళ్ళు చిన్నప్పుడు కుర్చీ ఎక్కి ఆ మొనలు సూపించి నవ్వేవాళ్ళు."

అవ్వ ఒక్క క్షణం బొమ్మ వైపు చూసింది.

"ఉచ్చీరప్ప సారు మంచికే సరిచేసినాడు లే. తెలిసినాయన. కానీ నాకేమో, అబద్ధం ఎందుకాడాల, ఆ తప్పు ల్యాకపోతే మా అమ్మ నవ్వు పోయినట్టుండాది. సరే, ఉండు, కాఫీ కలుపుకోనొస్తా."

అవ్వ వంటింట్లోకి పోయింది. హేమలత గోడ దగ్గరికి నడిచింది. కోటకొమ్మలంటే అంచు పొడుగునా రంపం పళ్ళలా లేచే నేత. మగ్గం మీద పుట్టిన ఏ చీరలోనైనా వాటి మొనలు లోపలి రంగులోకే ఉంటాయి. ఈ బొమ్మలోనూ అలాగే ఉన్నాయి. చక్కగా, లెక్కగా, గ్రాఫ్ కాగితం మీద గళ్ళు నింపినట్టు.

ఆ లెక్క ఎవరిదో ఆమె వేళ్ళకు తెలుసు.

పదకొండు నెలలూ ఆమె ఆ ముఖంతోనే కుస్తీ పట్టింది. ముందు గోధుమరంగు పూత, ఆరాక దాని మీద నీడలు, ఆ తర్వాత ఒంటి రంగు, పొర మీద పొర. కళ్ళు సగం మూసి వెలుగెక్కడో చీకటెక్కడో చూడమనేవాడు సార్. తలకిందులు చేసి చూడమనేవాడు. ముక్కు పక్క నీడ కోసం నెలన్నర పోయింది. చీర అంచును మాత్రం చివరి రెండు రోజుల్లో లాగించేసింది. అదేమంత పని, నేసేవాళ్ళ పిల్లకు? అసలు బొమ్మ వైపు ఒక్కసారి చూసి ఎన్ని కొమ్మలున్నాయో లెక్కపెట్టుకుంది. మిగిలింది చెయ్యి చూసుకుంది. చెయ్యి మగ్గం మీద ఎలా పోతుందో బ్రష్‌తోనూ అలాగే పోయింది. అసలులో తప్పుందని ఆమె కన్ను చూడనేలేదు.

ఫోన్ తీసింది. ఇంట్లో సాధన చేయడానికి అసలు బొమ్మకు తీసుకున్న ఫోటోలు అందులో ఉన్నాయి. భుజం దగ్గర పెద్దది చేసి చూసింది. మొనలు బయటికి. తల ఎత్తి గోడ మీద చూసింది. మొనలు లోపలికి. ముఖం దగ్గరగా పెట్టి వాసన చూసింది. అవిసె నూనె వాసన ఇంకా పచ్చిగా, తన బట్టలకు పట్టి అమ్మ తిట్టే ఆ వాసనే.

వాన లేదు, మిద్దె కారలేదు, బొమ్మ ఉబ్బలేదు. సారే పాత చట్రంలో ఆమె బొమ్మను బిగించి వీళ్ళ గోడకు మేకు కొట్టి పోయాడు. వీళ్ళ తల్లిని ఎత్తుకుపోయాడు.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. అంత మంటలోనూ ఆమెకు ఒక్క క్షణం సంతోషం కలిగింది. తను గీసిన ముఖాన్ని చూసి ఒక కూతురు అమ్మా అంటోంది! మరుక్షణం తన మీద తనకే అసహ్యం వేసింది. కాఫీ గ్లాసు చప్పుడు వినబడుతుండగానే చెప్పులేసుకుని బయటపడింది.

ఆదోని బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఏడ్చింది. పత్తి బేళ్ళ లారీలు ఎదురొస్తుంటే కళ్ళల్లో దుమ్ము పడిందనుకుని కండక్టరమ్మ కిటికీ మూసుకోమంది. ఎవరికైనా చెప్పుకుందామంటే ఎవరున్నారు? ఆమెకు కుంచె పట్టించినవాడు సారే, రంగు కలపడం చెప్పినవాడు సారే. నాన్న 'ఆడపిల్లకు ఈ బొమ్మలేంటికి' అన్నప్పుడు ఇంటికొచ్చి కాళ్ళావేళ్ళా పడి ఒప్పించినవాడూ ఆ సారే. నమ్మించి గొంతు కోయడమంటే ఇంతకంటే ఇంకేముంటుంది?

సార్ స్టూడియో బజారులో, ఒక విత్తనాల అంగడి మీద మిద్దె. ఉచ్చీరప్ప కుర్చీలో కూర్చుని కాగితం పొట్లంలో బొరుగుల ఉగ్గాని తింటున్నాడు. ఆమెను చూసి ముఖమంతా నవ్వాడు.

"రా పాపా! ఈ పొద్దు నీ దినం కాదే? ఉగ్గాని తింటావా, వేడిగా ఉండాది. బజ్జీ గూడా ఉంది."

"నా బొమ్మ యాడుంది సార్?"

"మళ్ళా అదేనా? వానకు పోయిందని చెప్తి గదా తల్లీ. పోయిందాని గురించి—"

"ఎమ్మిగనూరులో వాన పడలేదు సార్. శారదమ్మవ్వ ఇంట్లో గోడకు పొడిగా ఉండాది."

నోటి దాకా వచ్చిన చెయ్యి ఆగింది. సార్ పొట్లం పక్కన పెట్టి, తువ్వాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. బుకాయిస్తాడనుకుంది. కోప్పడతాడనుకుంది. ఆయన అడిగిన మాట విని ఆమెకు మతి పోయింది.

"ఎట్ల కనుక్కున్యావు? రెండూ పక్కపక్కన పెట్టి సూస్తే నేనే ఒక గడియ తికమక పడితిని. యాడ దొరికింది నీకు? ముక్కు కాడనా?"

"అంచు కాడ."

"అంచా?" సార్ లేచి ఇనుప అల్మారా తెరిచాడు. లోపల, పాత చీర ముక్కలో చుట్టి, నాగమ్మ ఉంది. గుడ్డ తొలగించి భుజం మీద వంగి చూశాడు. చూసి చూసి చిన్నగా నవ్వాడు. "ఓరి నీ! కొమ్మలు తిరగబడినాయే. నలభై ఏండ్లు ముఖాలే సూసుకుంటా బతికితిని పాపా, గుడ్డ సూడలేదు. నేసేవాళ్ళ పిల్లకు ఇచ్చి పొరపాటు చేస్తిని."

ఆ నవ్వు చూసి హేమలతకు ఒళ్ళు మండిపోయింది.

"అది ఇయ్యండి సార్. ఇప్పుడే తీసకపోయి అవ్వకు ఇస్తా. నా బొమ్మ నేను తెచ్చుకుంటా."

"కుదరదు." సార్ అల్మారాకు అడ్డంగా నిలబడ్డాడు. "బేరం అయిపోయింది. బెంగళూరు నుంచి మనిషి వచ్చి స్టేషన్ కాడ లాడ్జిలో ఉండాడు. సాయంత్రం బండికి ఇది పోతాది."

"అవ్వ నమ్మి ఇచ్చింది సార్ మీకు!"

"నమ్మి ఇచ్చింది. ముఖం కావాలన్యాది, ముఖం ఇచ్చినా. దినాం పొద్దున సూసుకుంటాది, అమ్మా అనుకుంటాది. ఆమెకు ఏం తక్కువ సేసినా సెప్పు? మసి లేదు, పగుళ్ళు లేవు, ఇంగో నూరేండ్లు ఉంటాది." సార్ గొంతు హెచ్చింది. "బసవరాజూ నేనూ ఒక్క మెట్టు మీద కూసోని గీసినోళ్ళం. ఆయనే నాకు గురువు, ఒప్పుకుంటా. ఆయన బెంగళూరు పాయ, పెద్దోడాయ, సచ్చిపాయ. ఇప్పుడు ఆయన గీసిన ముక్కకు ఎగబడతాండారు. నేను ఈ ఊర్లో ఎంతమంది ముఖాలు గీసినా? ఒక్కడన్నా నా పేరు కింద చదివినాడా?"

"దానికి నాగమ్మ ఏం చేసింది సార్? నేనేం చేసినా? నా బొమ్మ పాడైపోయిందని చెప్తే మీ ముందరే ఏడిస్తి. మీరు నా తల మీద చెయ్యి పెట్టి ఊరుకో అన్నారు. అప్పుడు ఆ బొమ్మ యాడుంది?"

సార్ కుర్చీలో కూలబడ్డాడు. నేల చూస్తూ అన్నాడు.

"ఒక నిజం సెప్తా విను. నువ్వు నన్ను దాటిపోయినావు. ఆ ముక్కు కాడి నీడ ఉంది సూడు, అది నా చేత కాదు. నువ్వు పూర్తి చేసిన పొద్దే సెప్పాల్సింది."

పదకొండు నెలల్లో ఆమె పని చూసి సార్ 'ఊ' అనడం తప్ప ఒక్క మంచి మాట అన్నది లేదు. ఆ 'ఊ' కాస్త సాగదీస్తే చాలు, ఆ రోజంతా బస్సులో నవ్వుకుంటూ ఇంటికి పోయేది. ఎన్ని రోజులు ఎదురుచూసిందో ఈ మాట కోసం! చివరికి ఏ పూట వచ్చిందో చూశారా.

"మరెందుకు చెప్పలేదు సార్?"

"సెప్తే ఇంటికి తీసకపోయి మీ నాయనకు సూపిస్తానందువు."

అంటే అప్పటికే అంతా అనుకుని ఉన్నాడు. బహుశా మొదటి రోజు గుడ్డ మీద గళ్ళు గీయించినప్పుడే అనుకున్నాడు. ఆమె ఎంత బాగా నేర్చుకుంటే ఆయనకు అంత పనికొస్తుంది. ఆమె ఏడుపు, ఆమె బస్సు ఛార్జీలు, ఇంట్లో తిన్న తిట్లు, అన్నీ ఆ ఒక్క దొంగతనానికే పోశాడు.

"నేను అవ్వకు చెప్తా," అంది హేమలత.

"సెప్పు." సార్ గొంతు ఒక్కసారిగా చల్లబడింది. "ఏమని సెప్తావు? గీసిన చెయ్యి ఎవరిది? కింద బసవరాజు సంతకం పెట్టింది ఎవరు? సంతకం గూడా బొమ్మలో భాగమే, దించు అంటే దించినావు. నేను వేలు పెట్టిన్యానా? పంచాయితీ పెట్టినా, పోలీసుల కాడికి పోయినా, నకిలీ చేసింది హేమలత. మీ నాయన మగ్గం కాడికి నలుగురొచ్చి అడిగితే ఆయన ఏం సెప్తాడు? నీ మంచికే అంటాండా. నోరు మూసుకోని నేర్చుకో. ఇంగా శానా ఉంది నేర్చుకునేది."

ఇదంతా ఆమె ఆలోచించలేదు. చెబితే ఊరు ఆమెనే దొంగ అంటుంది, నాన్న తలెత్తుకోలేడు, ఇక జన్మలో ఎవరూ ఆమెకు కుంచె పట్టుకోవడం నేర్పరు. చెప్పకపోతే సాయంత్రానికి నాగమ్మ బండెక్కి పోతుంది, అవ్వ బతికినన్నాళ్ళూ ఎవరో పిల్ల గీసిన ముఖానికి దండం పెట్టుకుంటుంది.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"పాపా, నేను శారదమ్మవ్వను. మీ అమ్మనడిగి నంబరు తీసుకున్యా. కాఫీ తెచ్చేలోపలే పోయినావు ఏం తల్లీ? నేనేమన్నా మాట జారితినా? నీ ముఖం అదో మాదిరి అయిపాయ. అప్పటి సంది మనసు మనసులో లేదు."

తప్పు చేసినవాళ్ళు ఇక్కడ కూర్చుని ఉగ్గాని తింటున్నారు. ఏ తప్పూ చేయని ముసలమ్మ తనేమన్నా అన్నానా అని అడుగుతోంది. ఫోన్లోంచి వచ్చిన అవ్వ పేరు సార్ కూడా విన్నాడు. పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. ఆమె ఫోన్ దించకపోయేసరికి రెండు చేతులూ జోడించాడు. రంగు మరకలున్న ఆ చేతులు. ఆమె చెయ్యి పట్టుకుని మొదటి గీత గీయించిన చేతులు.

వాటిని చూస్తూ ఆ మాట అనడం ఆమె వల్ల కాలేదు. కిటికీ వైపు తిరిగి, వీధిలోకి చూస్తూ, సార్‌కు వీపు పెట్టి నిలబడింది.

"అవ్వా, నువ్వేమీ అనలేదు. తప్పు నాది. మీ గోడకున్న బొమ్మ అయ్యోరు గీసింది కాదు. నేను గీసినా. ఉచ్చీరప్ప సార్ దగ్గర కూర్చోని, చూసి చూసి దించినా. ఆయన దాన్ని మీకిచ్చి అసలుది పెట్టుకున్నాడు. ఆ అంచు ఎవరూ సరిచేయలేదవ్వా. నాకు తెలీక మనం నేసినట్టు గీసేసినా, అంతే."

గడగడా చెప్పేసింది. అటువైపు అవ్వ అడుగులు గోడ దాకా పోయి ఆగిన చప్పుడు వినబడింది. తిడుతుందనుకుంది. తిట్టనీ, కొట్టనీ, పడదామనుకుంది.

"అట్లయితే," అంది శారదమ్మవ్వ, చిన్నపిల్ల గొంతుతో, "మా అమ్మ యాడుందమ్మా?"

"ఈడనే ఉంది అవ్వా, నా కళ్ళతో ఇప్పుడే చూసినా, ఇదో—" అంటూ హేమలత వెనక్కి తిరిగింది.

కుర్చీ ఖాళీగా ఉంది. అల్మారా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, లోపల ఏమీ లేదు. కింద వీధిలో సార్ స్కూటర్ ఒక్కసారి దగ్గి, అందుకుని, స్టేషన్ రోడ్డు వైపు పోతున్న చప్పుడు. ఫోన్లో అవ్వ మళ్ళీ అదే అడుగుతోంది.